పటంలో చేతులు

పల్సానాలో మిల్లు పనివాళ్ళ గదులన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. పదడుగుల గది, అడ్డంగా కట్టిన తీగ మీద బట్టలు, మూలన పొయ్యి, ఎదురు గోడకు పటం. పగటి పాళీ వాళ్ళు లేచిన చాపల మీద రాత్రి పాళీ వాళ్ళు వచ్చి పడుకుంటారు. పటం మాత్రం రెండు పాళీలకూ ఒకటే. సూరత్ నగరం దాటాక, జాతీయ రహదారి 48 పక్కన, ఒకవైపు చెరకు తోటలు, మరోవైపు బట్టకు రంగులద్దే మిల్లుల పొగగొట్టాలు. ఊరూ కాదు, నగరమూ కాదు. పొలిమేర.

సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన వాళ్ళుండే ఒక గదిలో గోడకు మార్కండేయుడి క్యాలెండరు చూశాను. లింగాన్ని కౌగిలించుకున్న బాలుడు, పాశం విసురుతున్న యముడు, లింగంలోంచి వెలువడుతున్న శివుడు, అందరికీ తెలిసిన బొమ్మే. కింది మూలన పులి మీద భావనారుషి, పక్కన భద్రావతి. రెండు గదుల అవతల ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన వాళ్ళ గోడకు సంత్ రవిదాసు. ఇంకొంచెం ముందుకు పోతే ఒక మరాఠీ కుటుంబం ఇంట్లో బుద్ధుడూ బాబాసాహెబూ పక్కపక్కన. ఒకే వరుసలో మూడు గోడలు. ఈ వ్యాసం ఆ మూడు గోడల గురించి.

పటం ముందు నిలబడ్డప్పుడు నేను ముందు ముఖం చూడను. ముఖం ఎవరికైనా ఒకటే గీస్తారు, శాంతం, చిరునవ్వు, అరమోడ్పు కళ్ళు. చేతులు చూస్తాను. చేతుల్లో ఏముందో, ఏం పోయిందో చూస్తే ఆ పటం ఎవరి కోసం గీశారో తెలుస్తుంది.

ఆ క్యాలెండరులో భావనారుషికి జడలు, రుద్రాక్షలు, భుజం మీదుగా తెల్లని జంధ్యం ఉన్నాయి. ఒక చెయ్యి అభయమిస్తోంది, మరో చేతిలో కమండలం. పులి లేకపోతే ఆయన్ను ఏ మునితోనైనా పొరబడవచ్చు. పద్మశాలీల కులపురాణం ప్రకారం ఈయన విష్ణువు నాభి కమలం తూడు నుంచి దారం తీసి దేవతలకు మొట్టమొదట బట్ట నేసినవాడు. నేతకు ఆదిపురుషుడు. ఆ ఆదిపురుషుడి చేతిలో నాడె లేదు, కండె లేదు. చుట్టుపక్కల ఎక్కడా మగ్గం లేదు. కింద పడుకున్న మనిషి మాత్రం పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడి, మీటరు లెక్కన కూలి తీసుకుని వచ్చాడు.

సాంచ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. సూరత్‌లో గుజరాతీ కార్మికుడు కూడా దాదాపు అదే మాట అంటాడు. తెలంగాణ నేతగాళ్ళు షోలాపూర్‌కు, ముంబైకి, భివండికి, సూరత్‌కు తరాల తరబడి పోతూ వస్తూ ఉన్నారు. భివండిలో పద్మనగర్ ఉంది. షోలాపూర్‌లో శ్రావణ పున్నమికి మార్కండేయుడి రథం ఊరేగుతుంది. సూరత్‌లో లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో తెలుగు వీధులున్నాయి, నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. ఇన్నేళ్ళ వలసలో మనుషులతో పాటు మాటలూ దేవుళ్ళూ ప్రయాణం చేశారు. దేవుడి చేతిలోని పనిముట్టు మాత్రం ఎక్కడో దారిలో జారిపోయింది.

అది ఎక్కడ జారిందో తెలియాలంటే క్యాలెండరుకు ముందున్న పటం దగ్గరికి వెళ్ళాలి.

చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది, మొన్నటిదాకా వరంగల్ జిల్లా. అక్కడి నకాశీ చిత్రకారులు గీసే పటాల పేరు మనలో చాలామంది విన్నదే. మూరల కొద్దీ పొడవైన నూలుగుడ్డ. దానికి సుద్దమట్టి, బియ్యం గంజి, చింతగింజల అంబలి, తిరుమణి బంక కలిపి పూతలు పూస్తారు. నేతగాడు పడుగుకు పెట్టే గంజే చిత్రకారుడి చేతిలో పటానికి నేల అవుతుంది. ఆ నేల మీద ఇంగిలీకం ఎరుపు పరిచి, ఉడుత వెంట్రుకల కుంచెతో బొమ్మలు దింపుతారు. అడ్డపట్టీలుగా విడగొట్టిన కథ పైనుంచి కిందికి నడుస్తుంది. మొదట వినాయకుడు, ఆ తర్వాత వరసగా ఘట్టాలు. రాత్రిపూట ఊరి నడుమ గుంజలకు కట్టి, చుట్ట విప్పుతూ, కథకుడు పుల్లతో బొమ్మను చూపిస్తూ పాడతాడు. కథ రాత్రుల తరబడి సాగుతుంది.

ఈ పటం గుడిలో ఉండదు. చిత్రకారుడి దగ్గరా ఉండదు. కథ చెప్పే ఆశ్రిత కులం దగ్గర ఉంటుంది. పద్మశాలీలకు కూనపులివాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు, గౌడులకు గౌడజెట్టీలు, ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు. చాకలి వాళ్ళకు మడేలు పురాణం చెప్పే పటంవాళ్ళు. ఎవరి ఊళ్ళ మీద హక్కు వాళ్ళది. ఏడాదికో రెండేళ్ళకో వచ్చి, కథ చెప్పి, తమకు రావలసింది తీసుకుని పోతారు. పటం చిరిగి పనికిరాకుండా పోతే నదిలో కలిపి కొత్తది గీయించుకుంటారు. దాన్ని అద్దాల చట్రంలో బిగించి దాచుకోవాలన్న ఆలోచన వాళ్ళకు లేదు. అది వాడే వస్తువు, మగ్గం లాగానే.

కూనపులివాళ్ళ కథలో భావనారుషి ఉత్త ముని కాదు. కాలవాసురుడనే రాక్షసుణ్ణి చంపుతాడు. ఆ రాక్షసుడి ఒంటిలోంచే మగ్గం పనిముట్లు, నెత్తురులోంచి రంగులు వచ్చాయని కథ. పురాణాల్లో రాక్షసులు చావడం కొత్తేమీ కాదు. చచ్చిన రాక్షసుడు ఎవరికైనా పనికిరావడం మాత్రం నేను ఇంకెక్కడా పెద్దగా చూడలేదు. ఇక్కడ శత్రువు ఎముక పనిముట్టు అయింది. ఇది బల్ల ముందు కూర్చుని పురాణం అల్లినవాడికి తట్టే ఊహ కాదు. గుంటమగ్గంలో కాళ్ళు పెట్టి, ఒక్కో కొయ్యముక్కనూ ఒంటి భాగంలా ఎరిగినవాడి ఊహ. భద్రావతి సూర్యుడి కూతురు, నిజమే. కానీ నేతింటి ఆడమనిషి లేకుండా పడుగు పడదని ఆ కథ విన్నవాళ్ళకు ఒకరు చెప్పనవసరం లేదు.

ఇలాంటి బట్ట మనకొక్కరికే లేదు. అదే గుజరాత్‌లో, అహమదాబాద్‌లో, వాఘరీ కులంవాళ్ళు మాతానీ పఛేడీ అనే గుడ్డ వేస్తారు. గుడిలోకి రానివ్వని మనుషులు గుడ్డ మీదే అమ్మవారిని గీసుకుని, నాలుగు గుడ్డలు నాలుగు పక్కలా కట్టి, అదే గుడి అన్నారు. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నలుపు, పటికతో పట్టించిన ఎరుపు. మన శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళ నలుపు కూడా ఆ ఇనుమూ బెల్లమూ ఊరిందే. ఆ కళాకారుల్లో ఒకరైన భానుభాయ్ చితారాకు 2023లో పద్మశ్రీ వచ్చింది. గుడి తలుపు మూసినవాళ్ళ మనవలే ఇప్పుడు ఆ గుడ్డను డ్రాయింగు రూములో వేలాడదీస్తున్నారు. ఇది ఎత్తిపొడుపుగా అనడం లేదు. జరుగుతున్నది చెబుతున్నాను.

దేశం దాటి చూసినా ఇదే కథ కనిపిస్తుంది. అమెరికా నైరుతిలోని న్యూమెక్సికో ఒకప్పుడు స్పానిష్ సామ్రాజ్యపు చిట్టచివరి పొలిమేర. పాదిరీలు అరుదు, మెక్సికో నుంచి బొమ్మలు రావాలంటే నెలల ప్రయాణం. అక్కడి రైతులూ కాపరులూ తమ సంతుల్ని తామే చేసుకున్నారు. పైన్ చెక్క మీద సుద్దపూత, మట్టి రంగులు, సూటిగా మన కళ్ళలోకి చూసే ముఖాలు. పెద్రో ఫ్రెస్కీస్, హోసే రఫాయెల్ అరగోన్ వంటి చేతిపనివాళ్ళు వాటికి పేరు తెచ్చారు. కోరిక తీరకపోతే సంతు బొమ్మను గోడవైపు తిప్పి నిలబెట్టే చనువు కూడా ఆ భక్తులకుండేది. 1850ల తర్వాత కొత్త బిషప్పుకు ఈ మోటు బొమ్మలు నచ్చలేదు. 1880 నాటికి రైలు వచ్చింది, రైలుతో పాటు చవక రంగుల అచ్చుబొమ్మలూ వచ్చాయి. చెక్క పటాలు గోడల మీదినుంచి దిగిపోయాయి. కొన్ని దశాబ్దాల తర్వాత అవే చెక్కముక్కల కోసం సేకర్తలు ఎగబడ్డారు.

మనకు ఆ పని 1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ ప్రెస్ చేసింది, ఆ తర్వాత శివకాశి పూర్తి చేసింది. అచ్చు పటాన్ని తిట్టడం తేలిక. నేను తిట్టను. పూజారి అనుమతి అడగకుండా, గడప బయట నిలబడకుండా, నాలుగు డబ్బులకు దేవుణ్ణి ఇంటికి తెచ్చుకునే వీలు అంటరాని వాళ్ళకు మొదట అచ్చు పటమే ఇచ్చింది. అది చిన్న సంగతి కాదు. అయితే అచ్చుకు ఒక గుణం ఉంది. అది అందరికీ అమ్ముడుపోవాలి. అందరికీ అమ్ముడుపోవాలంటే సిరిసిల్ల మగ్గం, చేర్యాల ఎరుపు, ఆ రైకల తీరు, ఆ కట్టు అన్నీ తుడిచేయాలి. తుడిచేశాక మిగిలేది ఒక సగటు రుషి. సగటు రుషి ఎప్పుడూ బ్రాహ్మణుడిలాగే ఉంటాడు.

ఇక్కడ దారం సంగతి చూడండి. శ్రావణ పున్నమికి, జంధ్యాల పున్నమికి, పద్మశాలీలు జంధ్యం మార్చుకుంటారు. మగ్గం మీద ఉంటే అది నూలు, కూలి కడుతుంది. భుజం మీదికొస్తే అది గౌరవం. నూలు వడికి, నేసి, లోకానికి బట్ట కట్టినవాడికి ఆ నేసిన పని గౌరవం ఇవ్వలేకపోయింది, మూడు పోగుల దారం ఇచ్చింది. ఈ చేదు ఆ కులం తప్పు కాదు. పనిని బట్టి మనిషిని కిందికి తోసిన వ్యవస్థలో పైకి పోయే మెట్టు ఒక్కటే కనిపిస్తే, ఎవరైనా దానిమీదే కాలు పెడతారు.

రెండు గదుల అవతలి రవిదాసు దగ్గరికి వెళితే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఆ పటంలో ఆయన చేతుల్లో పని ఉంది. ముందు ఇనుప దిమ్మ, చేతిలో చెప్పు, పక్కన తోలు. మూడు గోడల్లో నాకు బాగా నచ్చిన పటం అదే. చెప్పు కుడుతున్న మనిషి తల చుట్టూ కాంతివలయం గీసిన ఆ పేరు తెలియని చిత్రకారుడు చేసినది సాహసమే. కానీ రవిదాసుకు ఇంకో బొమ్మ కూడా ఉంది, అదీ బజారులో దొరుకుతుంది. అందులో ఆయన తన రొమ్ము చీల్చి లోపలున్న బంగారు జంధ్యం చూపిస్తాడు. భక్తమాలకు ప్రియాదాసు 1712లో రాసిన వ్యాఖ్యానంలోనే ఈ కథ ఉంది. తమతో పంక్తిలో కూర్చోవద్దన్న బ్రాహ్మణులకు ఆయన ఇచ్చిన రుజువట అది. ఈ కథ చెప్పినవాళ్ళ ఉద్దేశం ఆయన్ను పెంచడమే కావచ్చు. కానీ చర్మకారుడు గొప్పవాడని ఒప్పుకోవాలంటే చర్మం కింద బ్రాహ్మణుడు దొరకాలా? తోలు కోసే చేతిలోని కత్తిని ఆయన గుండె వైపే తిప్పిన కథ ఇది.

కులనిర్మూలన మీద గాంధీ చేసిన విమర్శకు జవాబిస్తూ బాబాసాహెబ్ సంతుల గురించి కటువైన మాటే అన్నారు. సంతులు మనిషికీ మనిషికీ మధ్య సమానత్వం గురించి పోరాడలేదని, దేవుడి ముందు అందరూ సమానమని మాత్రమే చెప్పారని, అందువల్ల కులానికి దెబ్బ తగలలేదని ఆయన వాదన. పైగా సంతు కులాన్ని దాటవచ్చు గానీ సామాన్యుడు దాటరాదని జనానికి నేర్పారని కూడా అన్నారు. అదే బాబాసాహెబ్ 1948లో అంటరానివారి మీద రాసిన పుస్తకాన్ని నందనార్, రవిదాసు, చోఖామేళాల స్మృతికి అంకితమిచ్చారు. ఈ రెంటిలో వైరుధ్యం లేదు. ఆయన మనుషుల్ని గౌరవించారు, పటాల్ని నమ్మలేదు.

డక్కలివాళ్ళ పటం దగ్గరికి ఇప్పుడు రావాలి. ఈ వ్యాసం నన్ను ఇబ్బంది పెట్టిన చోటు ఇదే.

జాంబ పురాణం గురించి మనలో చాలామంది గర్వంగా మాట్లాడతాం, మాట్లాడాలి కూడా. భూమి పుట్టకముందే పుట్టినవాడు జాంబవుడు. బ్రహ్మ విష్ణు మహేశ్వరులు ఆయన తర్వాతి వాళ్ళు. చిందువాళ్ళు ఆడే జాంబ పురాణంలో జాంబవుడు బ్రాహ్మడితో నిలబడి వాదిస్తాడు. ఎవరు ముందు, ఎవరు వెనక, ఎవరి పుట్టుక ఎక్కడిది అని నిలదీస్తాడు. ఊరి బయటి వాడలో, అక్షరం దగ్గరికి రానివ్వని చోట, ఒక గుడ్డ చుట్ట విప్పి ఇంత ప్రశ్న అడగగలిగిన సంప్రదాయం మనది. దీన్ని మించిన విమర్శ ఆ కాలంలో ఏ గ్రంథంలో ఉందో నాకు చూపించండి.

అయితే అదే కథలో శాపం కూడా ఉంది. పాఠాంతరాలు ఎన్నో, మొత్తం మీద సంగతి ఇది. కామధేనువును కోస్తారు. మాంసం ఉడుకుతుంటే ఒక ముక్క కిందపడుతుంది. జాంబవుడి వంశంవాడు దాన్ని ఊది మళ్ళీ కుండలో వేస్తాడు. దేవతలు ఆగ్రహించి శపిస్తారు, అప్పటినుంచి ఊరి బయట బతుకు. ఇంతే నేరం. అందరికన్నా ముందు పుట్టినవాడు అందరికన్నా కిందికి పోవడానికి ఒక మాంసపు ముక్క చాలింది. పాడేవాడూ వినేవాడూ తరతరాలుగా ఆ ఘట్టం దగ్గర తల వంచుకున్నారు. తప్పు మనదే కదా అని.

సరిగ్గా ఆ మాంసం ముక్కనే 1948లో బాబాసాహెబ్ చేతిలోకి తీసుకున్నారు. తెగల నుంచి చెదిరిపోయి ఊళ్ళ పక్కన స్థిరపడిన మనుషులు బౌద్ధులని, బ్రాహ్మణులు గోమాంసం మానేసి ఆవును పవిత్రం చేశాక, తినడం మానని ఈ బౌద్ధుల్ని అంటరానివాళ్ళను చేశారని, అది క్రీస్తుశకం 400 ప్రాంతంలో జరిగిందని ఆయన సిద్ధాంతం. చరిత్రకారులు దీని మీద ఇంకా వాదిస్తూనే ఉన్నారు, వాదించనీయండి. నాకు ఇక్కడ ముఖ్యం పద్ధతి. పటంలో ఉన్నదీ మాంసమే, పుస్తకంలో ఉన్నదీ మాంసమే. పటం దాన్ని పాపంగా చూపించింది. పుస్తకం దాన్ని ఒక తగాదాగా చూపించింది. తగాదా అయితే ఎదుటివాడు ఒకడుంటాడు, వాడు ఏం గెలిచాడో అడగవచ్చు. శాపానికి ఎదుటి పక్షం ఉండదు.

కులపురాణాల పటాలన్నిటికీ ఈ పరిమితి ఉంది. ప్రతి కులానికీ ఒక చుట్ట. ప్రతి చుట్టలోనూ మేమే ముందు అన్న మాట. శాలి పటం మాదిగ వాడలో విప్పరు, మాదిగ పటం గౌడుల వీధిలో విప్పరు. వాటన్నిటినీ ఒకే రాత్రి, ఒకే గుంజలకు పక్కపక్కన కట్టి ఉంటే ఒక ప్రశ్న తప్పకుండా లేచేది. అందరమూ ముందు పుట్టినవాళ్ళమైతే, ఈ వెనక ఎక్కడినుంచి వచ్చింది? ఆ రాత్రి రాలేదు. హక్కులు పంచుకున్న ఆశ్రిత కులాల ఏర్పాటే అది రాకుండా చూసింది.

ఇప్పుడు ఆ చుట్టలు విప్పేవాళ్ళూ తగ్గారు. చేర్యాలలో ధనాలకోట కుటుంబం వంటి కొద్దిమంది పట్టుదలతో పని నిలబెట్టారు, భౌగోళిక గుర్తింపు వచ్చింది, శిక్షణలు నడుస్తున్నాయి. ఇది మెచ్చుకోవలసినదే. కానీ అమ్ముడుపోతున్నవి ఏవి? కొయ్య మాస్కులు, తాళంచెవుల గుత్తులు, కృష్ణలీలలు, బతుకమ్మ ఆడే ఆడవాళ్ళు, కల్లు గీసే గౌడు. పని తిరిగి బొమ్మలోకి వచ్చిందని సంతోషించబోయాను. కల్లుగీసే చెయ్యి ఉంది, మగ్గం ఆడే చెయ్యి ఉంది. ఆ చేతుల వెనక కథ లేదు, ఆ కథకు కూనపులి లేడు. చట్రంలోని చెయ్యి పని చేస్తున్నట్టు ఉంటుంది గానీ ఎవరితోనూ ఏమీ అనదు.

మూడో గోడ గురించి చెప్పకుండా తప్పించుకుంటే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. ఆ మరాఠీ ఇంట్లోని పటంలో బాబాసాహెబ్ నీలం కోటు వేసుకుని, చేతిలో పుస్తకంతో ఉన్నారు. చేతుల్లో పనిముట్టు ఉంది, అంతవరకు మంచిదే. కానీ తల వెనక బుద్ధుడి దగ్గర మొదలైన కిరణాలు ఆయనదాకా వచ్చి ఆగాయి. ఇంకొన్ని పటాల్లో పుస్తకం చిన్నదవుతోంది, వలయం పెద్దదవుతోంది. భావనారుషి చేతిలోంచి నాడె ఒక్క రోజులో జారలేదు. మొదట చిన్నదై, తర్వాత పక్కకు జరిగి, చివరికి మాయమైంది. మన పటాలు గీయించేవాళ్ళు, జయంతులకు ఫ్లెక్సీలు వేయించేవాళ్ళు ఒక్కసారి ఆ పుస్తకం ఎంత పరిమాణంలో ఉందో కొలిచి చూడాలి.

మనకు ఇంకో పటం కూడా ఉంది, గుడ్డ మీది కాదు, రాతి మీది. అమరావతి స్తూపం దగ్గర మొదటి శిల్పులు బుద్ధుడి ముఖం చెక్కలేదు. ఖాళీ ఆసనం, పాదాలు, బోధిచెట్టు, ధమ్మచక్రం చెక్కారు. అక్కడ దొరికిన ఒక పలక మీద నిండుకుండ ఉంది, కింద బ్రాహ్మీ అక్షరాలున్నాయి. ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు, చర్మకారుడు విధికుడు, తన తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, పిల్లలతో కలిసి ఇచ్చిన దానమని ఆ శాసనం. వృత్తి పేరు దాచలేదు. ముందు పుట్టానని చెప్పుకోలేదు. శాపం ఊసు లేదు. తోలు పని చేసేవాడి తండ్రి ఉపాధ్యాయుడన్న సంగతి ఎంత మామూలుగా చెక్కారో చూడండి.

పల్సానా గదిలో నేను చాలాసేపు ఆ క్యాలెండరు చూస్తుండడం గమనించి, రాత్రి పాళీకి బయల్దేరుతున్న పెద్దాయన నవ్వాడు. "ఏం చూస్తున్నవ్ సారూ, మా రుషినా?" అన్నాడు. మగ్గం ఏదని అడిగాను. ఆయన పటం వైపు ఒకసారి, తన చేతుల వైపు ఒకసారి చూసుకున్నాడు. "మా తాత చెప్పిన కథల ఉండె" అని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.